హెడ్‌ఫోన్ మోతకు వలంటీర్లు అలవాటు పడిపోతున్నారు, షాక్‌కి మారాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
ఫియర్ కండిషనింగ్ ప్రాజెక్టు (ఒక సంకేతం వెంట బెదరగొట్టేది వస్తుంటే, ఆ సంకేతానికే భయపడటం నేర్చుకుంటారా అని చూడటం). నీలం చదరం 6 సెకన్లు కనిపిస్తుంది, అందులో ఆఖరి 1 సెకను 100 డెసిబెల్స్ వైట్ నాయిస్ (స్టేషన్ లేని రేడియో హోరు లాంటిది). పసుపు చదరానికి ఏ శబ్దమూ లేదు. ఒక్కోటి 16 సార్లు. మొదటి ఐదారు సార్లు స్కిన్ కండక్టెన్స్‌లో (చెమట వల్ల చర్మం గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో ఆ కొలత) రెండు చదరాలకూ తేడా బాగుంటుంది, తర్వాత గ్రాఫ్‌లో రెండు గీతలూ కలిసిపోతాయి. శబ్దం పెంచాలా, షాక్ పెట్టాలా, రెండూ కలపొచ్చా?

పెన్న_ఒడ్డు (కడప)
శబ్దం మాత్రం పెంచొద్దు తమ్ముడూ, చెవులకు ముప్పు. ముందు ఒకటి చూడు: శబ్దం మొదలైన 1–4 సెకన్లలో వచ్చే రెస్పాన్స్ కూడా పడిపోతోందా? పడిపోతుంటే ఆ మోత వాళ్లకు పాతబడింది. మోతకే బెదరనివాడు చదరాన్ని చూసి ఎందుకు బెదురుతాడు? సైకాలజిస్టు రెస్కోర్లా 1973లో ఎలుకల్లో ఇదే చూపించాడు: కండిషనింగ్ అయ్యాక వట్టి శబ్దానికి అలవాటు చేస్తే సంకేతం మీద భయమూ తగ్గింది.

మోతకు రెస్పాన్స్ తగ్గకుండా ఉండి, చదరాల తేడా ఒక్కటే పోతే అది వేరే కత. ఏ రంగుకు శబ్దం వస్తుందో పట్టుకున్నారా లేదా, చివర్లో అడిగి రాసుకో.

16ను 8కి దించు. మోత, అరుపు, షాక్ కలిపి వాడొచ్చు, ఒకే దానికి అలవాటు పడరు. కానీ ప్రతి మనిషితో ముందే ఒక్కోటి ఎంత చిరాగ్గా ఉందో 0–10లో మార్కులు వేయించి, మూడూ ఒకే మార్కు దగ్గరికి తేవాలి. లేకుంటే వచ్చిన తేడా దేనివల్లో తేలదు.

చిత్రావతి (అనంతపురం)
ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ శాతం డెసిబెల్స్ కాదు. హెడ్‌ఫోన్ కుషన్ దగ్గర సౌండ్ మీటర్ పెట్టి కొలువు. ఫైల్‌లో ఫేడ్-ఇన్ ఉంటే తీసెయ్, మోత దిగ్గున రావాలి. బ్లూటూత్ వద్దు, ఆలస్యమై టైమింగ్ చెడుతుంది.

షాక్ అంటే బ్యాటరీతో నడిచే, మనుషుల మీద వాడేందుకు తయారైన స్టిమ్యులేటరే. ఇంట్లో కట్టింది, కరెంటు ప్లగ్గుకు తగిలించేది అసలొద్దు. రెండు ఎలక్ట్రోడ్లూ ఒకే ముంజేతికి, కండక్టెన్స్‌వి రెండో చేతి వేళ్లకు. అతి తక్కువతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచు, "చిరాగ్గా ఉంది కానీ నొప్పి లేదు" అన్నచోట ఆపు. పేస్‌మేకర్, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్లను తీసుకోవద్దు. పద్ధతి మారితే ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ కావాల్సిందే.

తుంగభద్ర_గట్టు
మోత రెస్పాన్సూ పడిపోతోందన్నా, ఇప్పుడే చూశాను. గదిలో కూలర్ ఉంది, దానితో ఏమన్నా తేడా వస్తుందా?

పెన్న_ఒడ్డు
వస్తుంది. కూలర్ తేమ పెంచుతుంది, చేతులు చెమర్చి బేస్‌లైన్ (ఏ సంకేతమూ లేనప్పటి కొలత) పైకి పోతుంది. ఏసీ గదికి మారు, 23–24 డిగ్రీల దగ్గర పెట్టు. ఎండలో నుంచి వచ్చినవాళ్ల చేతులు కడిగించి, ఆరాకే ఎలక్ట్రోడ్లు పెట్టు.