టూట్స్ హిబ్బర్ట్ 45 రికార్డులో గొంతు ఊగుతోంది, సరిచేయడం ఎలా?

జమైకా గాయకుడు టూట్స్ హిబ్బర్ట్ 1968లో ‘డూ ది రెగే’ పాడిన నాటి నుండి 1988లో ‘టూట్స్ ఇన్ మెంఫిస్’లో అమెరికా సోల్ పాటలను తనవిగా చేసుకున్నంత వరకు, చిన్ననాడు చర్చిలో అబ్బిన ఆ గొంతు ఎలా సాగిందో వరుసగా వినాలని పాత రికార్డులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. జమైకాలో అచ్చయిన ఒక 7 అంగుళాల 45 రికార్డు (నిమిషానికి 45 చుట్లు తిరిగేది) దగ్గర పని ఆగిపోయింది.

ఆయన స్వరాన్ని సాగదీసిన ప్రతిచోటా శ్రుతి కొద్దిగా పైకి లేచి కిందికి జారుతోంది. ఇది సుమారు 1.33 సెకన్లకు ఒకసారి, అంటే సరిగ్గా ఒక్కో చుట్టుకు, జరుగుతోంది. ముల్లు ఉన్న చేయి కూడా అదే లయలో ఎడమకు, కుడికి ఊగడం కంటికి కనిపిస్తోంది. అంత నిండైన గొంతు అలా వణకడం వినలేకపోతున్నాను.

రికార్డును శుభ్రం చేశాను. పెద్ద రంధ్రంలో పెట్టే ప్లాస్టిక్ బిళ్ళను తీసి అల్యూమినియం బిళ్ళ పెట్టాను, దానిపై రికార్డును పావు చుట్టు చొప్పున తిప్పి చూశాను, ఏ మార్పూ లేదు. మిగిలిన 45 రికార్డులు ఇదే ప్లేయరుపై నిలకడగా పాడుతున్నాయి కనుక మోటారును అనుమానించడం లేదు; ఈ రికార్డు రంధ్రమే సరిగ్గా మధ్యలో పడలేదని అనుకుంటున్నాను.

రంధ్రాన్ని కోయకుండా, పెద్దది చేయకుండా, ఈ రికార్డును సరిగ్గా మధ్యకు తెచ్చి ఆడించే పద్ధతి ఏది?