బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ల డిగ్రీ) హైదరాబాద్ వెళ్లాలా, ఇంటి దగ్గరుండే చదువుకోవాలా?

అందరికీ వందనాలు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. బి.కాం. చదివాను, ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను. మూడేళ్లుగా మా బాప్టిస్టు సంఘంలో బుధవారం కూడికలకు వాక్యం చెప్తున్నాను.

మొన్న రోమా 3:28 (ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే విశ్వాసం వల్ల మనిషి నీతిమంతుడవుతాడనే వచనం) చెప్తుంటే ఒక మామ్మగారు లేచి, "మరి యాకోబు 2:24లో విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల నీతిమంతుడని ఉంది కదా బాబూ, ఏది నమ్మమంటావు?" అన్నారు. పౌలు ధర్మశాస్త్ర క్రియల గురించి, యాకోబు క్రియలు లేని విశ్వాసం గురించి చెప్తున్నారని ఏదో సర్దేశాను. ఇంటికొచ్చాక నాకే తృప్తిగా లేదు. సేవకు రావాలంటే సరిగ్గా చదవాలని ఆ రాత్రే అనుకున్నాను.

డిగ్రీ ఉంది కాబట్టి సెరాంపూర్ సెనేట్ (క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సంస్థ) బి.డి. చెయ్యమని మా పాస్టర్ అయ్యగారు అంటున్నారు. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పేరు చెప్పారు. కానీ ఇద్దరు పిల్లలు, నాన్నకి పక్షవాతం. నాలుగేళ్లు అక్కడుంటే ఇల్లెలా నడుస్తుంది? పోయినేడాది ఒక ఆన్‌లైన్ కోర్సుకి ఆరు వేలు కట్టాను. వచ్చింది రంగు సర్టిఫికెట్ ఒక్కటే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కుటుంబంతో ఉంటూ బి.డి. చదివినవాళ్లున్నారా? ఖర్చెంతయింది, సంఘం ఏమైనా సాయం చేసిందా? ఇంటి నుంచి చదివే బి.సి.ఎస్.ని (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) మన సంఘాలు పాస్టర్‌గా అభిషేకానికి లెక్కలోకి తీసుకుంటాయా? తెలుగులో పరీక్ష రాయొచ్చా? బైబిలు మూలభాషలు గ్రీకు, హెబ్రీ అంటే మాత్రం ఇప్పుడే చెమటలు పడుతున్నాయి. అక్షరాలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.