డాల్ఫిన్స్ నోస్ కొండ ఫొటోలో ఎందుకంత చిన్నదైపోతుంది?

ప్రశ్న – బీచ్‌రోడ్డు వాసి:
విశాఖ ఆర్కే బీచ్ నుంచి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చినట్టు ఎంతో పెద్దగా కనబడుతుంది. అక్కడే నిలబడి ఫోన్‌తో తీస్తే మాత్రం అది అంచున ఒక చిన్న గట్టులా మిగులుతుంది. మన ఊరి చిత్రకారుల నీటిరంగుల చిత్రాల్లోనేమో కంటికి ఆనినంత ఎత్తుగానే ఉంటుంది. వారు కొలతలు మారుస్తున్నారా, లేక కెమెరాయే ఏదైనా పోగొడుతోందా?

జవాబు – నీటిరంగులు:
మారుస్తామండీ, తెలిసే మారుస్తాం. ఫోన్ కెమెరాది వైడ్ లెన్సు కనుక ఇసుకకూ, నీటికీ, ఆకాశానికీ చోటు పంచి, మిగిలినదే కొండకు ఇస్తుంది. మనిషి చూపు అలా పంచదు, నచ్చినదాని మీదే నిలుస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ చిత్రించిన సెంట్ విక్టువార్ పర్వతాన్ని అదే చోటి నుంచి తీసిన ఫొటోలతో పోల్చినవారు, చిత్రాల్లో పర్వతం పెద్దదిగా ఉండడం గమనించారు. కొండనే కాదు, అలలనూ ఉన్నదున్నట్టు వేయం: నీటిరంగుల్లో నురగకు తెల్లరంగు వాడకుండా కాగితాన్నే ఖాళీగా వదిలే పద్ధతి మాది. అంటే నీలం పూయకముందే నురగ ఎక్కడ విరగాలో తేల్చుకోవాలి. అందుకు చాలాసేపు అలలను చూస్తాం, చివరికి కాగితం మీదికి వచ్చేది వాటిలో ఏ ఒక్కటీ కాదు.

జవాబు – ట్రైపాడ్:
పై జవాబు బాగుంది గానీ, ఫొటోగ్రాఫర్ ఉన్నదున్నట్టు దింపుతాడనే ధ్వని అందులో ఉంది, దాన్ని నేను ఒప్పుకోను. సెకనులో వెయ్యోవంతు షట్టర్‌తో తీస్తే అల తుంపర చుక్కచుక్కగా విడిపోతుంది. వెలుతురు తగ్గించే నల్లద్దం (ఎన్‌డీ ఫిల్టర్) పెట్టి 30 సెకన్లు తెరిచి ఉంచితే రుషికొండ రాళ్ల చుట్టూ సముద్రం పొగమంచైపోతుంది. ఈ రెండింటినీ ఏ కన్నూ చూడలేదు. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస ఫొటోలు తీసేదాకా, ముందు కాళ్లు ముందుకూ వెనక కాళ్లు వెనక్కూ చాచి గాలిలో ఎగిరినట్టే చిత్రకారులు వేసేవారు. నిజానికి నాలుగు కాళ్లూ నేల విడిచేది అవి పొట్ట కిందకు ముడుచుకున్నప్పుడు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం నెగెటివ్‌నైతే ఏళ్ల తరబడి ఆకాశాన్ని మరింత నల్లగా చేస్తూ ముద్రించాడు.
మీ కొండ పెద్దగా రావాలంటే కైలాసగిరి ఎక్కి, దూరానివి దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సుతో తీయండి. బీచ్‌రోడ్డు మేడల వెనకే ఆనుకుని నిలబడినట్టు వస్తుంది.

బీచ్‌రోడ్డు వాసి:
అప్పుడు నా కాళ్ల దగ్గరి ఇసుక, పడవలు ఫ్రేములో ఉండవు కదండీ?

ట్రైపాడ్:
ఉండవు. రెండూ కావాలంటే నీటిరంగులు గారినే అడగాలి.