కాన్ఫిగ్ కాల్‌బ్యాక్‌లో సున్నా అంటే సక్సెసా, ఎర్రరా?

బ్రాడీపేట కుర్రాడు: మిర్చి యార్డు కాటాకి సీ భాషలో రాస్తున్న ప్రోగ్రాం. సెట్టింగ్స్ ఫైల్లో ఒక్కో కీకి (సెట్టింగ్ పేరుకి) పార్సర్, అంటే ఆ ఫైలు చదివే కోడ్, మన కాల్‌బ్యాక్‌ని, అంటే మనం రాసిచ్చిన ఫంక్షన్‌ని, పిలుస్తుంది. అది ఏం రిటర్న్ చెయ్యాలి? నా ఓటు గిట్ (కోడ్ వెర్షన్లు దాచే టూల్) పద్ధతికే: సక్సెస్ అయితే 0, తప్పయితే -1. గిట్‌లో ఎర్రర్ ఫంక్షన్ మెసేజ్ ప్రింట్ చేసి -1 ఇస్తుంది, దాన్నే రిటర్న్ చేసేస్తే ఒక్క లైన్లో పని అయిపోతుంది.

పటమట: ఐఎన్ఐహెచ్ (inih, సెట్టింగ్స్ ఫైళ్లు చదివే సీ లైబ్రరీ) వాడేట్టయితే చూసుకోండి, అక్కడ అంతా తిరగేసి ఉంటుంది. హ్యాండ్లర్ (అక్కడ కాల్‌బ్యాక్ పేరు అదే) 0 ఇస్తే ఎర్రర్, ఇంకేమిచ్చినా సక్సెస్. మీ -1 కూడా సక్సెస్ కిందే లెక్క! బాడ్ రేట్ (కాటాతో డేటా మాట్లాడే వేగం) 9600లో సున్నా బదులు ఓ అక్షరం పడినా పార్సర్ కిక్కురుమనదు. అదే లైబ్రరీలో ఫైలంతా చదివే ఫంక్షన్ మాత్రం 0 ఇస్తే సక్సెస్, పాజిటివ్ అయితే మొదటి తప్పున్న లైను నంబరు, ఫైలు తెరుచుకోకపోతే -1. ఇదెక్కడి న్యాయమో.

మంగళగిరి మాస్టారు: గొడవ సున్నాది కాదు తమ్ముడూ. కాల్‌బ్యాక్ చెప్పాల్సినవి మూడు: తీసుకున్నా, ఈ కీ నాది కాదు, కీ నాదే కానీ విలువ తప్పు. గిట్ తెలియని కీకి కూడా 0 ఇచ్చి ఊరుకుంటుంది. ఒకే ఫైలుని బోలెడు కమాండ్లు, పాత వెర్షన్లు చదువుతాయి కాబట్టి అక్కడ అది సబబే. మీ ఫైలు చదివేది ఒక్క ప్రోగ్రామే. కీ పేరులో స్పెల్లింగ్ తప్పితే డిఫాల్ట్ విలువతో నడిచిపోతుంది, కాటా ఎందుకు పలకట్లేదో ఎవరికీ అంతుపట్టదు. ఈనమ్ (పేర్లు పెట్టిన అంకెల జాబితా) పెట్టండి: తీసుకుంటే 0, కీ నాది కాకపోతే 1, విలువ తప్పయితే నెగెటివ్.

బ్రాడీపేట కుర్రాడు: 1 పెడితే, రిటర్న్ విలువ సున్నా కాకపోతే చాలు తప్పనుకునే పాత కోడ్ అంతా పడిపోతుంది కదా మాస్టారూ?

మంగళగిరి మాస్టారు: పడుతుంది. పిలిచేచోట "సున్నా కంటే తక్కువా" అని విడిగా చూడాలి.

పటమట: ఇంజిన్‌ఎక్స్ (nginx అనే వెబ్ సర్వర్)లా స్ట్రింగే రిటర్న్ చెయ్యొచ్చుగా? నల్ (ఖాళీ పాయింటర్) అంటే సక్సెస్. తప్పయితే కారణం చెప్పే వాక్యం, దాని పక్కన ఫైలు పేరు, లైను నంబరు పార్సరే చేరుస్తుంది. యార్డు గుమస్తాకి కావాల్సింది అదే.

బ్రాడీపేట కుర్రాడు: కోడ్‌లో రాసిపెట్టిన స్ట్రింగ్ అయితే సరే. మాలాక్‌తో మెమరీ అడిగి కట్టిన మెసేజ్‌ని ఎవరు ఫ్రీ చేస్తారు (ఆ మెమరీ తిరిగి ఇస్తారు)? నేను ఈనమ్‌కే ఒప్పుకుంటా, మెసేజ్ కాల్‌బ్యాక్ లోపలే లాగ్ చేస్తా.

మంగళగిరి మాస్టారు: లోపల లాగ్ చేస్తే లైను నంబరు రాదు, పార్సర్ నుంచి దాన్ని కాల్‌బ్యాక్‌కి పంపించు. ఇంకోటి, గిట్ పద్ధతే తీసుకుంటే సమానం గుర్తు లేని కీకి విలువ నల్‌గా వస్తుంది. చూడకుండా స్ట్రింగ్ పోల్చావా, క్రాషే.