జనవరి 26న మెల్‌బోర్న్‌లో కోలాటం: ఆడాలా, మానుకోవాలా?

మెల్‌బోర్న్ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాను. జనవరి 26న జరిగే ఆస్ట్రేలియా డే (ఈ దేశపు జాతీయ దినం) వేడుకలో కోలాటం ఆడమని మా శివారు కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) వారు తెలుగు విద్యార్థుల బృందాన్ని అడిగారు, మేమూ సరేనన్నాం. పార్కులో జెండాలు, బ్రెడ్డు ముక్కలో వేయించిన ఉల్లిపాయలతో పెట్టి ఇచ్చే సాసేజీలు, ఆ తర్వాత పౌరసత్వ ప్రమాణాలు ఉంటాయట. అయితే అబోరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసుల) కుటుంబానికి చెందిన నా సహాధ్యాయిని ఒకరు ఈ సంగతి విని, ఆ రోజు తమ ఇంట్లో సంతాప దినమని మాత్రం చెప్పి ఊరుకుంది. నన్ను వెళ్లవద్దనలేదు. అదే రోజు పొద్దున మన గణతంత్ర దినోత్సవ జెండా వందనానికీ వెళ్లాలి. ఏం చేయమంటారు?

సిడ్నీ వాసి:
నిశ్చింతగా ఆడమ్మా. నేను పౌరసత్వ ప్రమాణం చేసింది జనవరి 26నే; ఆ రోజు కౌన్సిల్ వారు చేతిలో పెట్టిన స్థానిక మొక్క ఇప్పుడు మా పెరట్లో చెట్టయింది. పార్కుకు వచ్చే కుటుంబాల్లో అధికభాగం సెలవు రోజున పిల్లలతో కాసేపు గడపడానికి వచ్చేవే తప్ప, ఎవరి మీదా విజయోత్సవం జరుపుకోవడానికి వచ్చేవి కావు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ దేశ పౌరసత్వం తీసుకుంటున్న వారిలో భారతదేశంలో పుట్టినవారే అందరికన్నా ఎక్కువ. వారికి అది సంతోషకరమైన రోజు. మీరు చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఇంటివాళ్ల తగాదాలో చుట్టాలు తలదూర్చకూడదు.

హైదరాబాదు పాఠకుడు:
సిడ్నీ వాసి గారి కృతజ్ఞతను నేను తప్పుపట్టను. కానీ వేదికెక్కి ఆడిన తర్వాత తగాదాలో తలదూర్చలేదనడం కుదరదు. ఆ తేదీ దేనికి గుర్తో చూడండి. 1788 జనవరి 26న నౌకాదళ అధికారి ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్ అనే చిన్న అఖాతం ఒడ్డున బ్రిటిష్ జెండా ఎత్తి ఖైదీల వలసను స్థాపించాడు. ఆస్ట్రేలియా ఒక సమాఖ్యగా ఏర్పడినది ఆనాడు కాదు, 1901 జనవరి 1న. అన్ని రాష్ట్రాలూ కచ్చితంగా 26వ తేదీనే సెలవు పాటించడం 1994 నుంచి మాత్రమే ఉంది. కనుక తరతరాల పండుగను ఎవరో కొత్తగా చెడగొడుతున్నారన్న మాట (తరచు వినిపించేదే) నిలవదు.

సంతాపం మాత్రం అంతకన్నా పాతది. 1938లో 150వ వార్షికోత్సవం కోసం మారుమూల ఊరైన మెనిండీ నుంచి అబోరిజినల్ పురుషులను సిడ్నీకి తెచ్చి, బ్రిటిష్ వారు ఓడలు దిగిన ఘట్టాన్ని పునఃప్రదర్శిస్తూ, దిగినవారిని చూసి పారిపోతున్నట్లు వారిచేత నటింపజేశారు. అదే రోజు అదే నగరంలోని ఆస్ట్రేలియన్ హాల్లో అబోరిజినల్ నాయకులైన జాక్ ప్యాటన్, విలియం ఫెర్గుసన్, విలియం కూపర్ ప్రభృతులు సంతాప దిన సభ జరిపి, తమ ప్రజలకు పూర్తి పౌరహక్కులు కావాలని తీర్మానించారు. మిమ్మల్ని ఎవరూ బలవంతాన తీసుకురాలేదు, ఆ తేడా పెద్దదే. అయినా అన్ని జాతులవారూ తమతో కలిసి ఆనందిస్తున్నారని చూపించడానికి కౌన్సిల్‌కు మీ పట్టు పరికిణీలు పనికివస్తున్నప్పుడు, ఆ ఫొటోలో ఎవరు లేరో మీరు ఆలోచించాలి.

తేదీలు మనుషులు ఎంచుకునేవేనని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని, 1930 నాటి పూర్ణ స్వరాజ్య దినాన్ని తలచుకుని, రెండు నెలలు ఆగి మరీ పూర్తిగా అమల్లోకి తెచ్చుకున్నాం.

సిడ్నీ వాసి:
మీ హైదరాబాదులో సెప్టెంబరు 17ను కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం మరొక పేరుతో జరపడం లేదా? అక్కడ డాన్సు చేసిన బడిపిల్లలను మీరు ఏనాడైనా ఇలా నిలదీశారా? ఈ అమ్మాయి మీద మాత్రం ఇంత బరువెందుకు?

హైదరాబాదు పాఠకుడు:
నిలదీయలేదు, ఎందుకంటే బడిపిల్లలను ఎవరూ అడిగి పంపరు. ఈమె తనంతట తాను ఆలోచించి, అడిగింది కాబట్టే చెబుతున్నాను.

మెల్‌బోర్న్ పూర్వ విద్యార్థి:
వాదన ముదిరింది గానీ, ఆచరణలో దారులున్నాయి. 2017లో ఇక్కడి యారా, డేర్‌బిన్ కౌన్సిళ్లు ఆ తేదీన పౌరసత్వ సభ జరపబోమన్నందుకు ఫెడరల్ ప్రభుత్వం వాటికి ఆ సభలు జరిపే అధికారాన్నే తీసేసింది. ఇప్పుడు పరిస్థితి మారింది. 2022 డిసెంబరులో సవరించిన నిబంధనల ప్రకారం ఆ సభను 26కు మూడు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం కూడా నగరంలో జరిగే ఆస్ట్రేలియా డే పరేడ్‌ను 2023లో విరమించుకుంది. కాబట్టి వేరే రోజైతే ఆడతామని చెప్పడం వారికి వింతగా తోచదు. ఇక 26న ఇక్కడి రాష్ట్ర పార్లమెంటు మెట్ల దగ్గర మొదలయ్యే, ఆ తేదీ వేడుకను వ్యతిరేకించే నిరసన ప్రదర్శనను చూడాలనుకుంటే సన్‌స్క్రీన్ రాసుకుని, నీళ్ల సీసా పట్టుకుని వెళ్లండి. మెట్ల మీద అబోరిజినల్ పెద్దలు మాట్లాడతారు, ఎరుపు నలుపు పసుపు రంగుల వారి జెండాలతో వీధి నిండిపోతుంది. ప్రశాంతంగా జరిగే ప్రదర్శనలో నిలబడితే వీసా పోతుందన్నది మన వాట్సాప్ గ్రూపుల్లో పుట్టిన భయం.

మెల్‌బోర్న్ విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. పౌరసత్వ సభ వేరే రోజున పెట్టే అవకాశముంటే అక్కడ ఆడతామని కౌన్సిల్‌కు రాశాను. బృందంలో ఇద్దరు మాత్రం 26నే ఆడతామంటున్నారు, వారిని నేను ఆపను. పొద్దున జెండా వందనం అయ్యాక పార్లమెంటు దగ్గరికి వెళతాను.