పైరైట్‌లో బంగారం ఉందట, కంటికి మాత్రం కనిపించదు

ప్రశ్న: పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గింజల మీద లేజర్ అబ్లేషన్ (లేజర్‌తో కొద్దికొద్దిగా చెక్కి, ఏ మూలకం ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించాను. అంచుల్లో ఆర్సెనిక్ ఎక్కువ, బంగారమూ అక్కడే. మైక్రోస్కోప్ కింద వారం వెతికినా ఒక్క రేణువూ దొరకలేదు. మిషన్ తప్పా, నా కళ్ళు తప్పా?

జవాబు: రెండూ కాదండీ. గంధకం స్థానంలో ఆర్సెనిక్ దూరితే స్ఫటికం అల్లిక కాస్త వంకరపోతుంది, బంగారం అందులో ఇముడుతుంది. అమెరికాలోని నెవాడాలో ఉన్న కార్లిన్ తరహా బంగారు నిక్షేపాల్లో జరిగేది ఇదే. సిగ్నల్ గ్రాఫ్ చూశారా? గీత సాఫీగా ఉంటే బంగారం స్ఫటికంలో కలిసిపోయి ఉండొచ్చు. సూదిలా లేస్తే రేణువు తగిలినట్టు.

ప్రశ్న అడిగినవారు: సాఫీగానే ఉంది! సీసం మాత్రం సూదుల్లా లేస్తోంది.

మరో జవాబు: గెలీనా (సీసం ఖనిజం) ముక్క అయ్యుంటుంది. సగటు తీసేముందు ఆ భాగం కత్తిరించండి. నేను కత్తిరించక థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం తిరగరాశాను, ఆ టెన్షన్ మీకొద్దు. గింజ ఎలా పెరిగిందో అంచనా వేయడానికి అడుగుతున్నా, నికెల్‌తో పోలిస్తే కోబాల్ట్ నిష్పత్తి ఎంత?

ప్రశ్న అడిగినవారు: మధ్యలో 1 కంటే తక్కువ, అంచులో ఎక్కువ.

మరో జవాబు: అయితే మధ్యభాగం ముందే ఏర్పడి, అంచు మాత్రం ఆ తర్వాత వేడి ద్రవాల నుంచి పెరిగిందేమో. మధ్యభాగం, అంచు రెండూ కలిపి లెక్కేయకండి.