తిరుపతిలో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ఏడాది దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది చిత్తూరు. మా అక్కకు 41 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 46. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్నా పోయిన నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.4 వచ్చింది. రాత్రి పడుకోగానే పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట.

డైటీషియన్ చెప్పినట్టు ఎనిమిది నెలలు కడుపు కట్టుకుని 9 కిలోలు తగ్గింది. మోకాళ్ల నొప్పితో నడక ఆగాక 11 పెరిగింది.

తిరుపతిలో ఒక సర్జన్ స్లీవ్ చేద్దామన్నారు. అందులో జీర్ణాశయం ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు, మళ్లీ పెట్టడమంటూ ఉండదు. ఛాతీ మంట ఉన్నవాళ్లకు స్లీవ్‌తో అది పెరగవచ్చు, గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) మేలు అని వేలూరులో ఇంకో డాక్టరు చెప్పారు. ఇదే తిరుపతిలో అడిగితే "మాత్రలతో సర్దుకుంటుంది" అన్నారు, ఎండోస్కోపీ కూడా రాయలేదు. నా టెన్షన్ అంతా అక్కడే.

పాత పేషెంట్లతో మాట్లాడతామంటే ఆసుపత్రివాళ్లు ఇద్దరి నంబర్లు ఇచ్చారు. ఇద్దరూ బాగుందనే అన్నారు, కానీ వాళ్లకు ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కాలేదు. బీ12, ఐరన్ తగ్గడం, బరువు తిరిగి రావడం లాంటివి తెలిసేది ఆ తర్వాతే కదా. వచ్చే నెల 10లోపు అడ్వాన్సు కట్టమంటున్నారు.

ముందే ఛాతీ మంట ఉండి, తిరుపతిలో స్లీవ్ చేయించుకుని ఏడాది దాటినవాళ్లకు ఇప్పుడు ఆ మంట తగ్గిందా, పెరిగిందా?